ఆదివారం ఊరు చూడనివ్వండి

భర్తనీ పిల్లల్నీ ఊళ్లో ఉంచి చెన్నైలో పాఠాలు చెప్పుకునే ఆడమనిషి, ఆదివారం తోటి టీచర్లతో కలిసి ఎక్కడికైనా వెళ్లొస్తే ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి వెనకాడుతుంది. చెబితే వచ్చే మాట ఆమెకు ముందే తెలుసు. "పిల్లనక్కడ వదిలేసి ఈ షికార్లేంటమ్మా?" అంటారు. అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు, గొంతు కూడా మెత్తగానే ఉంటుంది. కానీ ఆ ఒక్క మాటతో, ఆరు రోజుల చాకిరీ తర్వాత చేతికందిన పూట కాస్తా దొంగచాటుగా గడపాల్సి వస్తుంది. మగ టీచర్లకి ఇదే మాట ఇంకోలా వస్తుంది: "నాలుగు డబ్బులు వెనకేసుకోమని పంపిస్తే తిరుగుళ్లు మొదలెట్టావా?"

ఈ రెండు మాటలూ అన్యాయమే. ఇంటికి దూరంగా బతికే టీచరు, తానుంటున్న ఊరిని తోటి టీచర్లతో కలిసి తిరిగి చూడాలి. దానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఇంటి మీద మమకారం తగ్గి ఎవరూ తిరగరు. అలా తిరిగినందువల్ల ఇంటికీ మేలు జరుగుతుంది, బడికీ మేలు జరుగుతుంది. నేను కళ్లారా చూసిన సంగతి ఇది.

మేం వేళచ్చేరిలో ఒక ఫ్లాటు తీసుకుని కలిసి ఉంటున్నాం. లెక్కలు చెప్పే నాది ఒంగోలు. సోషల్ మేడంది సత్తెనపల్లి, సైన్స్ మేడంది పలమనేరు. మా అందరి కథా ఒకటే: అక్కడి ప్రైవేటు బళ్లలో ఇచ్చే జీతంతో ఇల్లు గడవక ఇక్కడికొచ్చాం. పీరియడ్లు, సబ్‌స్టిట్యూషన్లు, నోట్సులు దిద్దడం, శనివారం పేరెంట్స్ మీటింగు. ఇక మిగిలేది ఆదివారం ఒక్కటే. "వారం వారం ఇంటికెళ్లి రావచ్చుగా" అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. శనివారం సాయంత్రం సెంట్రల్‌లో రైలెక్కితే ఒంగోల్లో దిగేసరికి పిల్ల నిద్రపోతూ ఉంటుంది. ఆదివారం భోజనాలయ్యీ కాకముందే మళ్లీ స్టేషనుకి పరుగు. నిద్రలో చూసి, ఏడుస్తుంటే వదిలి రావడం వారం వారం చేయగలిగిన పని కాదు. వీలైనప్పుడు వెళతాం. వెళ్లలేని ఆదివారాల గురించే నేను మాట్లాడుతున్నాను. ఆ ఆదివారాల్ని బట్టలు ఉతకడానికీ, పేపర్లు దిద్దడానికీ, మంచం మీద పడుకుని ఫోను చూసుకోవడానికీ ఇచ్చేస్తే సోమవారం బడికి వెళ్లే మనిషిలో పస ఉండదు.

తోటి టీచర్లతోనే ఎందుకంటే, చూసే తీరే వేరు. మామల్లపురం (మహాబలిపురం) సంగతి చెబుతాను.

తిరువాన్మియూరులో బస్సెక్కి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా వెళ్లాం. మాతో పాటు మా స్కూల్లో తమిళం చెప్పే మిస్ కూడా వచ్చారు. గంగావతరణమనీ అర్జున తపస్సనీ రెండు పేర్లతో పిలిచే ఆ పెద్ద బండ దగ్గర జనం ఏనుగుల ముందు నిలబడి ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు. సోషల్ మేడం మమ్మల్ని కదలనివ్వలేదు. ఎడమవైపు పైన ఒక ముని ఒంటికాలి మీద నిలబడి రెండు చేతులూ తల మీదికెత్తి తపస్సు చేస్తుంటాడు, ఎముకలు లెక్కపెట్టొచ్చు. కుడివైపు కింద, పెద్ద ఏనుగు దగ్గర, అచ్చం అదే భంగిమలో ఒక పిల్లి. వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లు తల మీదికెత్తింది. దాని చుట్టూ ఎలుకలు. మనం కొంగజపం అంటామే, దాన్ని ఇక్కడ పిల్లి చేస్తోంది. అంత పెద్ద పుణ్యకథ చెక్కుతూ, అందులోనే దొంగ తపస్సుకీ చోటిచ్చిన శిల్పి ఎంత ధైర్యవంతుడో అని సోషల్ మేడం చాలాసేపు ఆ పిల్లి దగ్గరే ఉండిపోయింది.

పక్కనే కృష్ణ మండపం. గోవర్ధనగిరి ఎత్తిన కృష్ణుడికి దగ్గర్లో ఒకాయన కూర్చుని ఆవు పాలు పితుకుతున్నాడు. ఆవు మెడ వంచి దూడని నాకుతోంది. పలమనేరు మేడం వాళ్లది పాడి ఉన్న ఇల్లు. ఆమె ఆ రాతిని చూస్తూనే అంది: "దూడని నాకనిస్తేనే ఆవు చేపుతుంది. ఈ చెక్కినాయన పాలు పితికినవాడైనా అయుండాలి, పితికేవాళ్ల పక్కన కూర్చున్నవాడైనా అయుండాలి." ఆ తర్వాత అక్కడే నిలబడి, దూడ స్పర్శకి ఆవు మెదడు నుంచి ఆక్సిటోసిన్ ఎలా విడుదలవుతుందో, అది పొదుగు దాకా వెళ్లి ఏం చేస్తుందో మాకు చెప్పింది. ఏడో శతాబ్దపు రాతిబొమ్మ ముందు ఇంటి పెరడూ, బయాలజీ పాఠమూ ఒక్కచోట కలిశాయి. మర్నాడు ఆమె క్లాసులో ఆ ఫొటో పెట్టి పాఠం మొదలెట్టింది.

కుటుంబంతో వెళితే ఒక్క ఆవు ముందు అరగంట నిలబడటం కుదరదు. పిల్లలకి ఆకలేస్తుంది, పెద్దవాళ్లకి మోకాళ్లు నొప్పులు. టూరు బస్సులో వెళితే గైడు విజిల్ వేస్తాడు. టీచర్లకి మాత్రం ఏం కనబడినా "దీన్ని పిల్లలకి ఎలా చెప్పాలి" అన్న ఆలోచన వెంటనే వస్తుంది. నాకూ పంచ రథాల దగ్గర అదే జరిగింది. వరసగా ఉన్న నాలుగు రథాల ఎత్తు ద్రౌపది రథం నుంచి ధర్మరాజు రథం దాకా పెరుగుతూ పోతుంది. అసలు బండే అలా వాలుగా ఉండేది, దాన్ని బట్టే ఎత్తులు నిర్ణయించుకున్నారు. పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారనడానికి సాక్ష్యం, అడుగు భాగాలు కొన్ని పూర్తికాకుండా మిగిలిపోవడమే. పొరపాటున ఎక్కువ చెక్కితే అతికించే వీల్లేని పని. అంచనా వేయడం ఎందుకు నేర్చుకోవాలని పిల్లలు అడిగితే ఇప్పుడు నా దగ్గర ఒక మంచి జవాబుంది.

ఆ రోజు మాతో అన్నానగర్ నుంచి రిటైరైన లెక్కల మాస్టారొకరు వచ్చారు. చక్రవర్తి హైలే సెలాసీ కాలంలో మన దేశం నుంచి చాలామంది టీచర్లు ఇథియోపియా బళ్లలో చెప్పడానికి వెళ్లారు, ఈయన వాళ్లలో ఒకరు. భార్యనీ పసిబిడ్డనీ తెనాల్లో ఉంచి వెళ్లారు. ఉత్తరం రాస్తే జవాబు రావడానికి వారాలు పట్టే రోజులు. సెలవుల్లో ఒక మలయాళీ టీచరు, ఒక పంజాబీ టీచరు ఆయన్ని గదిలోంచి లేపి లాలిబెలా తీసుకెళ్లారట. అక్కడ పదకొండు చర్చిలు, అన్నీ రాతిని తొలిచి చేసినవే. సెయింట్ జార్జి చర్చి సిలువ ఆకారంలో ఉంటుంది, దాని కప్పు మనం నిలబడిన నేలమట్టానికే ఉంటుంది. చర్చిలోకి వెళ్లాలంటే కందకంలోకి దిగాలి. తెనాలి మనిషి మామల్లపురం కంటే ముందు లాలిబెలా చూశారు. ధర్మరాజు రథం చుట్టూ తిరుగుతూ, రెండు చోట్లా పైనుంచి కిందికి రాయి తొలిచిన పద్ధతిని ఆయన మాకు వివరించి చెప్పారు.

కానీ ఆయన చెప్పిన వాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకోటి. నాన్నగారు పోయారన్న ఉత్తరం దినకర్మలు కూడా అయిపోయాక ఆయన చేతికందింది. ఆ రాత్రి గదికొచ్చి కూర్చున్నదీ, వండి పెట్టిందీ, మర్నాడు ఆయన క్లాసులు తీసుకున్నదీ లాలిబెలాకి కలిసి వెళ్లిన ఆ ఇద్దరే. "స్టాఫ్ రూములో ఇరవైమంది ఉన్నారమ్మా. వచ్చింది వాళ్లిద్దరే" అన్నారు. స్టాఫ్ రూములో ఏర్పడేది పరిచయం. ఎండలో కలిసి నడిచి, ఒకరి సీసాలో నీళ్లు ఇంకొకరు తాగి, తప్పు బస్సెక్కి కలిసి దిగినవాళ్ల మధ్య ఏర్పడేది వేరు. మాకూ అది అనుభవమే. పలమనేరు మేడం కొడుక్కి డెంగీ అని రాత్రి పూట ఫోనొస్తే, బ్యాగు సర్దిందొకరు, బస్టాండు దాకా వెళ్లిందొకరు, వారం పాటు ఆమె పీరియడ్లు పంచుకున్నది మిగతావాళ్లం. తమిళ మిస్ ప్రిన్సిపాల్‌తో మాట్లాడి సెలవు ఇప్పించారు. దుబాయిలోనో మాల్దీవుల్లోనో పాఠాలు చెబుతున్న మనవాళ్లకీ కష్టమొచ్చిన రాత్రి తలుపు కొట్టేది ఇలాంటి స్నేహితులే.

ఇక ఇంటి సంగతి. గదీ బడీ తప్ప వారమంతా ఏమీ చూడని మనిషి ఫోన్లో ఏం చెబుతుంది? తిన్నావా, మందు వేశారా, కరెంటు బిల్లు కట్టారా, అక్కడితో అయిపోతుంది. పిల్ల కూడా "ఊఁ" అని ఫోను వాళ్ల నాన్నకిచ్చేస్తుంది. మామల్లపురం పిల్లి ఫొటో పంపిన రోజు మా పాప ఫోను వదల్లేదు. "ఎలుకలు ఎందుకు పారిపోవట్లేదు?" అని మొదలెట్టి, జవాబు చెబితే దాని మీద ఇంకో ప్రశ్న. ఆ మర్నాడు తనే ఫోను చేయించుకుని "ఇంకేం చూశావు" అంది. పాపని చూసుకునే మా అత్తయ్య, సముద్రం ఒడ్డున ఉన్న గుడిలో పూజ జరుగుతుందా అని అడిగారు. అక్కడ జరగదు, కానీ ఊళ్లో స్థలశయన పెరుమాళ్ కోవెల ఉంది, వైష్ణవులకి పుణ్యక్షేత్రాలైన 108 దివ్యదేశాల్లో ఒకటి అని చెబితే, తనని కూడా తీసుకెళ్లమన్నారు. షికార్లేంటని అడిగిన మనిషీ ఆవిడే. ఆవిడ మీద నాకు కోపం లేదు. దూరంగా ఉన్న కోడలు రోజంతా ఏం చేస్తుందో తెలియక అడిగిన మాట అది. తెలియడానికి మనం కూడా ఏదో ఒకటి చూసి, చెప్పాలి కదా.

డబ్బు మాటకి జవాబు చిన్నదే. 2021 నుంచి ఇక్కడి మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. గులాబీరంగు ముఖం ఉన్న బస్సు వస్తే ఎక్కడమే. వేళచ్చేరిలో రైలెక్కితే తిరుమయిలైలో దిగి మైలాపూరంతా నడిచి చూడొచ్చు, చేపాక్‌లో దిగితే బీచి రోడ్డు. డబ్బాలో పులిహోర పెట్టుకుని వెళితే అయ్యే ఖర్చు, టీనగర్‌లో ఒక్క చీర కొన్నదాంట్లో ఆవగింజంత. బస్సు బోర్డు తమిళంలో చదవడం మాకు నేర్పింది తమిళ మిస్సే. అందుకే చెబుతున్నాను, తెలుగువాళ్లమే ఒక గుంపుగా కాకుండా ఇక్కడివాళ్లని కలుపుకుని వెళితేనే ఊరు తెలుస్తుంది.

"చెన్నైలో చూడ్డానికి ఏముంది, షాపులు తప్ప" అనేవాళ్లని మాత్రం ఎగ్మూరు మ్యూజియానికి రమ్మంటాను. 1851లో పెట్టిన మ్యూజియం. శుక్రవారం మూసేస్తారు, ఆదివారం తెరిచే ఉంటుంది, అది మనకి కలిసొచ్చింది. అక్కడ అమరావతి శిల్పాలకి ఒక గదే ఉంది. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి తెప్పించినవి వాటిలో ఉన్నాయి. మరికొన్ని లండన్‌కి తరలిపోయి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మా సోషల్ మేడం చిన్నప్పటి నుంచి పండగలకి అమరేశ్వరుడి గుడికి వెళ్లి వస్తున్న మనిషి. అమరావతిలో స్తూపం దగ్గర ఆమె చూసింది గడ్డి మొలిచిన దిబ్బే. ఆ దిబ్బ మీద ఒకప్పుడు ఏముండేదో ఆమె మొదటిసారి ఎగ్మూరులో చూసింది. పలనాటి సున్నపురాయి మీద గుండ్రటి చట్రంలో నలగిరి ఏనుగు కథ. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో పడి తొక్కేస్తుంటే జనం చెల్లాచెదురవుతున్నారు, భయపడ్డ ఒకావిడ పక్కనున్నవాణ్ని పట్టుకుంది, మేడ మీద కిటికీల్లోంచి తలలు తొంగిచూస్తున్నాయి. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఒకే బొమ్మలో ఒకే ఏనుగు రెండుసార్లు. కాలం గడిచిందని చెప్పడానికి గీత గీయలేదు, గడులు కట్టలేదు. అయినా చూసిన ప్రతివాళ్లకీ అర్థమవుతుంది.

మేడం కళ్లనీళ్లు పెట్టుకుంది. తన ఊరికి ఇంత దగ్గరి రాయిని చూడటానికి ఇన్నేళ్లు పట్టిందనీ, అమరావతి చుట్టుపక్కల బళ్లలో చదివే పిల్లల్లో ఎంతమంది దీన్ని చూస్తారనీ. ఆ బాధ నాకు సబబుగానే తోచింది. ఆ తర్వాత ఆమె మా స్కూలు ఏడో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లడానికి యాజమాన్యాన్ని ఒప్పించింది. ఆదివారం టీచరు చూసి వచ్చినదాన్ని బుధవారం రెండు సెక్షన్ల పిల్లలు వెళ్లి చూశారు. ఏ ట్రైనింగు ప్రోగ్రాంలోనూ ఇంత ఫలితం నేను చూడలేదు.

టీనగర్‌కే వెళ్లినా, చీరల సంచి పక్కన పెట్టి పానగల్ పార్కులో కాసేపు కూర్చోండి. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్లు రాజా పేరది. టీనగర్‌కి పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో, 1920లో, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకి తిండి పెట్టడం మొదలైంది. ఆకలితో ఉన్న పిల్లకి పాఠం ఎక్కదని క్లాసులో నిలబడే మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పని మొదలైన థౌజండ్ లైట్స్‌లో ఒక్కసారి నడిచి రావాలని ఏ టీచరుకైనా అనిపిస్తుంది. రాయపేట హైరోడ్డులో 126వ నంబరు ఇల్లు కూడా అంతే. స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి గారి ఇల్లది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షకి కూర్చున్నదీ, డిసెంబరు 15న కన్నుమూసిందీ అక్కడే. ఆ మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. సోషల్ పుస్తకంలో ఆ పాఠం చెబుతూ, ఆ ఇంటికి బస్సు దూరంలో ఉంటూ, చూడని టీచర్లు మనలో చాలామంది ఉన్నారు.

ఇప్పుడు అడగాల్సినవాళ్లని అడుగుతాను. హాస్టళ్లు నడిపేవాళ్లూ, ఆదివారం సాయంత్రం ఏడింటికే గేటు వేసేసి, ఆలస్యమైతే ఉద్యోగం చేసుకునే ఆడవాళ్లని సంజాయిషీ రాయమనడం మానండి. వాళ్లు పిల్లలు కారు, పిల్లలకి చదువు చెప్పేవాళ్లు. స్కూళ్లవాళ్లూ, ఆదివారం పొద్దున్నే ఆన్‌లైన్ మీటింగు పెట్టకండి. సోమవారం మొదటి పీరియడ్లో మీకే ఆ తేడా తెలుస్తుంది.

ఇక్కడి మన తెలుగు సంఘాన్ని మాత్రం గట్టిగానే అడుగుతున్నాను. ఏటా సెప్టెంబరు 5న టీచర్లకి శాలువాలు కప్పుతున్నారు, సంతోషం. ఆ పండగ ఎవరి పుట్టినరోజున జరుపుకుంటామో ఆ సర్వేపల్లి రాధాకృష్ణన్ 1909లో పాఠాలు చెప్పడం మొదలెట్టిన ప్రెసిడెన్సీ కాలేజీ బీచి రోడ్డులోనే ఉంది. ఆయన పేరు పెట్టిన రోడ్డు మైలాపూరులో ఉంది, ఆయన ఇల్లు 'గిరిజ' ఆ రోడ్డులోదే. ఈసారి శాలువాల బదులు, కాలేజీలోకి వెళ్లడానికి అనుమతి తీసుకుని, కొత్తగా వచ్చిన టీచర్లని అక్కడికి తీసుకెళ్లండి. సంఘంలో తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాల పెద్దలున్నారు. జార్జిటౌను సందులు, మైలాపూరు వీధులు వాళ్లకి కొట్టిన పిండి. నెలకొక ఆదివారం ఒక పెద్దాయనో పెద్దావిడో మాతో రెండు గంటలు నడిస్తే చాలు. హాలు అద్దె లేదు, మైకు అక్కర్లేదు.

సంఘం ఏర్పాటు చేసేదాకా మేం ఆగం. వానలు పూర్తిగా వెళ్లిపోయాక, ఫిబ్రవరి మొదటి ఆదివారం ఉదయం పదింటికి ఎగ్మూరు మ్యూజియం టికెట్ కౌంటర్ దగ్గర ఉంటాం. ఏ సబ్జెక్టు టీచరైనా, ఏ భాష టీచరైనా రావచ్చు. ముందుగా పేరివ్వనక్కర్లేదు. మధ్యాహ్నానికి డబ్బా, నీళ్లసీసా ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. అమరావతి గది ముందు చూసి, తర్వాత కంచు విగ్రహాల దగ్గరికి వెళతాం.